పదిహేడో ముక్క

రేగపుట్టు గ్రామం, అరకు లోయ.

కొండప్రాంత పురాతన యంత్రాల గుర్తింపు, పరిరక్షణ విభాగం ప్రత్యేక అధికారి శ్రీ కృష్ణమూర్తి గారి సముఖమునకు, రేగపుట్టు వాస్తవ్యుడు, లేటు గాసి కుమారుడు వంతల నతానియేల్, వయసు యాభై నాలుగు, వృత్తి కాఫీ పళ్ళ తొక్క తీసే పల్పరు మిషన్ల రిపేరు, వ్రాసుకొను అర్జీ.

విషయం: మా ఊరి ఆవిరి ఇంజను పదిహేడో ముక్కను మూడు రోజుల్లోగా అప్పగించమన్న తమరి నోటీసుకు జవాబు, మిగతా పదహారు ముక్కలనూ చక్రంతో సహా మాకు అప్పగించమని మా మనవి.

సూచిక: (అ) తమరి నోటీసు. (ఆ) మా అరుగు మీద తమరు ఇచ్చిన మాట. దీనికి నంబరు లేదు.

అయ్యా,

అది కూడా నా మీదకే వచ్చిందన్నమాట. ఇంజను పట్టుకెళ్ళింది తమరు, రంగు వేసింది తమరు, దాని ముందర మైకు పెట్టింది తమరు. చక్రం తిరగలేదు గనక తప్పు మాత్రం నాది. ముక్క తెచ్చి ఇవ్వకపోతే చట్టరీత్యా చర్య అంటున్నారు. నోటీసులో నన్ను "సదరు నతానియేల్ అనువాడు" అని రాశారు. ఆరు నెలల కిందట, ఈ సంతకం పెట్టిన చెయ్యే మా ఇంట్లో చోడి అంబలి గ్లాసు పట్టుకున్నప్పుడు, నేను "నతానియేల్ గారు"ని. ఈ మధ్యలో ఎక్కడ దిగిపోయానో నాకు తెలియలేదు. అందుచేత జరిగింది జరిగినట్టు ఈ దిగువ మనవి చేసుకుంటున్నాను. నేను ఏడో తరగతి దాకానే చదివాను, అదీ మా ఊరి బళ్ళోనే. తప్పులుంటే సగం మాస్టారివి.

1. ఇంజను పూర్వాపరములు.

సదరు ఇంజను మా ఊరి కింద పారే గెడ్డ పక్కన రేకుల షెడ్డులో ఉండేది. ఆవిరితో నడిచేదే గానీ రైలింజనులాగా ఎక్కడికీ పోదు. ఉన్నచోటే ఉండి చక్రం తిప్పుతుంది. చక్రానికి బెల్టు, బెల్టుకి రంపం. కొత్తగా రైలు లైను పడే రోజుల్లో అది దుంగలు కోసేది. మా నాన్న గాసి బాయిలర్లో కర్రలేసి మంట చూసుకునేవాడు. అరవై ఏళ్ళ కిందట మిల్లు మూసేసి, మిల్లువాళ్ళు బాయిలర్ని కోసుకుని మోయించుకుపోయారు. ఇంజను కోసం మళ్ళీ వస్తామన్నారు. మా నాన్న వాళ్ళ మాట పూర్తిగా నమ్మాడు. నమ్మాడు గనకే వాళ్ళు కొండ దిగేలోపు ఇంజనులో విప్పడానికి వీలైనవన్నీ విప్పేశాడు. పదిహేడు ముక్కలయ్యాయి. వాటిని పదిహేడు ఇళ్ళకి పంచాడు. చక్రం, సిలిండరు, కింది ఇనుప దిమ్మ మాత్రం ఎవరూ ఎత్తలేరు గనక షెడ్డులోనే ఉండిపోయాయి. అప్పట్లో మా ఊరికి రోడ్డు లేదు. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చినా, మోసుకుపోగలిగింది ఏదీ కనిపించేది కాదు, కనిపించింది మోసుకుపోలేరు. రోడ్డు కావాలని తర్వాత మేమే అర్జీ పెట్టుకున్నాం. అది కూడా నా చేతిరాతే.

2. పరిరక్షణ పద్ధతి.

తమరి విభాగం పేరులో పరిరక్షణ ఉంది గనక మేము చేసిన పద్ధతి కూడా రికార్డు నిమిత్తం తెలుపుకుంటున్నాను. ఏ ఇంటి ముక్కని ఆ ఇంటి ఆడవాళ్ళు వలిసె నూనె పట్టించి, పాతగుడ్డలో చుట్టి, అటక మీద పెట్టుకుంటారు. చైత్రంలో ఇటుకల పండక్కి, మగాళ్ళు వేటకి బయల్దేరక ముందు, పదిహేడు ఇళ్ళవాళ్ళూ ముక్కలు పట్టుకుని షెడ్డుకి వస్తారు. అందులో తొమ్మిది ఇళ్ళు చర్చికి వెళ్ళేవి, ఎనిమిది ఇళ్ళు కొండదేవతకి కోడిని కోసేవి. ఇంజనుకి ఆ తేడా తెలియదు. అన్నీ బిగించి, నూనె పోసి, చక్రాన్ని చేత్తో ఏడు చుట్లు తిప్పి, మళ్ళీ విప్పేసుకుని ఎవరి ముక్క వాళ్ళు ఇంటికి తీసుకుపోతారు. అరవై ఏళ్ళలో ఒక్క నట్టు పోలేదు. తుప్పు అనే మాట మా ఊళ్ళో తిట్టు కింద లెక్క. ఎవరి ముక్క మీదైనా ఎర్రమచ్చ కనిపిస్తే ఆ ఏడాదంతా ఆ ఇంటివాళ్ళు కుళాయి దగ్గర గట్టిగా మాట్లాడరు.

3. గుర్తింపు.

గత నవంబరులో, వలిసె పూలు ఊరంతా పచ్చగా ఉన్నప్పుడు, తమరూ తమరి సాంకేతిక సహాయకులు బాలాజీ గారూ జీపులో వచ్చారు. ముందు పూలల్లో ఫోటోలు దిగారు, తర్వాత షెడ్డులోకి వచ్చారు. బాలాజీ గారు టార్చి వేసి, తీగల బ్రష్షుతో దిమ్మంతా గీకారు. తయారుచేసిన వాళ్ళ పేరుపలక దొరకలేదు. అది మా నాన్న మిల్లు పనిలో చేరకముందే పోయింది.

"పేరు లేదు, పార్టులు లేవు. గుర్తించలేనిది, అసంపూర్ణం అని రాసేద్దాం సార్," అన్నారు బాలాజీ గారు.

తమరు పెన్ను మూత తీశారు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఇవాళ ఇంత కాగితం ఖర్చయ్యేది కాదు. కానీ అరవై ఏళ్ళు నూనె పోసిన ఊరి ఎదురుగా "అసంపూర్ణం" అంటే నాకు ఎక్కడో తగిలింది. ఇంటికి వెళ్ళి, మా వంతు ముక్క తెచ్చి తమరి చేతిలో పెట్టాను. రెండు ఇత్తడి గుళ్ళు గిరగిరా తిరిగి, ఇంజను పరుగెత్తకుండా పట్టుకునే గవర్నరు అది. దాని కాలి మీద 2963 అని గుద్ది ఉంటుంది. అదే నంబరు పదిహేడు ముక్కల మీదా, దిమ్మ మీదా ఉందని చెప్పాను. బాలాజీ గారు గీకిన చోటికి జానెడు దూరంలో చూపించాను.

తమరు కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడ్డారు. "నతానియేల్ గారూ, ఇది చాలా అరుదైనదండీ. అన్ని భాగాలూ ఒకే నంబరుతో దొరకడం నా సర్వీసులో నేను చూడలేదు," అన్నారు.

నా జీవితంలో నన్ను గారు అన్న మొదటి ఆఫీసరు తమరే. తర్వాత మా అరుగు మీదకొచ్చి కూడా తమరు అలాగే పిలిస్తే, లోపల్నించి మా ఆవిడ కృపావతి, "ఏటండీ, ఎవుల్ని పిలుత్తన్నారు? ఇంకెవులైనా వొచ్చేరేటి?" అని అడిగింది. నన్నే అని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

4. మాట.

మా అరుగు మీద కూర్చుని తమరు అన్నది ఇది. "ఇంజను ఈ ఊరు దాటదు. షెడ్డు బాగుచేయిస్తాం. ఒక్కసారి మొత్తం బిగించి చూపించండి, అరుదైనదని రిజిస్టరులో ఎక్కిస్తాం. బిగించింది బిగించినట్టే ఉంచండి, విప్పితే అసంపూర్ణం అయిపోతుంది. ఇకమీదట కాపలాదారు మీరే."

కృపావతి సాక్షి. ఆవిడ అప్పుడు తమరికి రెండో గ్లాసు అంబలి పోస్తోంది.

5. నేను చేసిన పని.

పదహారు ఇళ్ళు తిరిగాను. మా ఇల్లు కలిపి. పండగ కాని రోజున ముక్క అటక దిగడం ఎప్పుడూ లేదు, ఇంజనులో పెట్టిన ముక్క మళ్ళీ ఇంటికి రాకపోవడం అసలే లేదు. అయినా ఇచ్చారు. ఇచ్చింది గవర్నమెంటుని చూసి కాదు, నన్ను చూసి. ఈ సంగతి తమరు బాగా గమనించవలసిందిగా కోరుతున్నాను.

పదిహేడో ఇల్లు ఒక పెద్దమ్మది. పేరు రాయను. మా ఊళ్ళో అరవై దాటిన ఆడవాళ్ళంతా నాకు పెద్దమ్మలే గనక తమరు వెతుక్కోవచ్చు. ఆవిడ దగ్గర ఉన్నది స్లైడు వాల్వు. అరచేయంత ఇనుపముక్క, బోర్లించిన చిన్న పెట్టెలా ఉంటుంది. ఆవిరిని ఒకసారి సిలిండరుకి ఇటువైపు, ఒకసారి అటువైపు పంపేది అదే. అది లేకపోతే ఆవిరి రావడం, పోవడమే గానీ చక్రం కదలదు. వాల్వు పెట్టెలో లోపలుంటుంది కాబట్టి పైకి కనపడదు.

"పెద్దమ్మా, వాల్వు ఇయ్యి. పెద్దాఫీసరు సూత్తాడు," అన్నాను.

"ఒరే గుంటడా, మీ అయ్య దీన్ని నా సేతిలో పెట్టినప్పుడు ఏటన్నాడో ఎరుగుదువా? నానప్పుడు కొత్త కోడల్ని. ఎవులడిగినా ఇయ్యొద్దే అన్నాడు."

"నానడుగుతున్నాను గదే! నాను గాసి కొడుకుని."

"అయితే? నువ్వు ఆ ఎవుల్లోకి రావేటి?"

వాల్వుని చోళ్ళకుండలో, రాగుల్లోకి కుక్కి, మూత వేసి, దాని మీద కూర్చుంది. ఇక నేను చెయ్యగలిగింది లేదు. మర్నాడు తమరు చూడ్డానికి వస్తున్నారు. గారు అనిపించుకున్న మనిషిని, ఒక ముసలామె నా మాట వినలేదని ఎలా చెప్పుకుంటాను? వాల్వు పెట్టెని ఖాళీగానే మూసేసి ఎనిమిది బోల్టులూ బిగించాను. తమరి పట్టికలో పదిహేడో వరసలో, వాల్వు ఎవరి దగ్గరిది అన్నచోట నా పేరే రాశాను. కింద "సంపూర్ణం" అని సంతకం పెట్టాను. బాలాజీ గారు బయటినుంచి అన్నీ ఫోటోలు తీసుకున్నారు, పెట్టె తెరవమని అడగలేదు. నా ఆయుష్షులో గవర్నమెంటు కాగితం మీద నేను రాసిన అబద్ధం అదొక్కటే. తమరి మాటంతా నిజమని నమ్ముతూ రాశాను.

6. మూడో పేజీ.

సమ్మతి పత్రం మూడు పేజీలు. రెండు చదివాను. మూడోది చదవబోతే, "అదంతా మామూలేనండీ నతానియేల్ గారూ, సంతకం ఇక్కడ," అని బాలాజీ గారు అరచెయ్యి దాని మీద పెట్టి, వేళ్ళ సందులో చోటు చూపించారు. వేళ్ళ సందులోనే పెట్టాను. "పరిరక్షణ నిమిత్తం అనుకూలమైన ప్రదేశమునకు తాత్కాలికంగా తరలించుటకు" అన్న ముక్క ఆ చేతికింద ఉందట. ఇప్పుడు నోటీసుకి జతచేసి బాలాజీ గారు పంపిన జిరాక్సు కాపీల్లో చదువుకున్నాను. జిరాక్సులో చెయ్యి లేదు.

7. తరలింపు.

ఫిబ్రవరిలో, సంత రోజు చూసుకుని, లారీ, క్రేనూ వచ్చాయి. ఊరు ఊరంతా సంతకి పోయింది. జ్వరంగా ఉండి కృపావతి ఒక్కతే ఇంట్లో ఉంది. షెడ్డు రేకులు ఊడదీస్తున్న చప్పుడుకి కిందికి పరుగెత్తింది.

"ఎక్కడికి బాబూ అట్టుకెల్లిపోతన్నారు?" అని అడిగిందట.

"భద్రంగా దాచడానికమ్మా," అన్నాడట క్రేను అబ్బాయి.

"దాసిపెట్టినదాన్ని అట్టుకెల్లి దాత్తారేటి బాబూ?" అందట.

దీనికి తమరి విభాగం నుంచి ఇంతవరకు సమాధానం రాలేదు.

8. ఊరు.

నాకు తిట్లు వస్తాయనుకున్నాను. రాలేదు. తిడితే బాగుండేది. పదహారు ఇళ్ళల్లో పదిహేను ఇళ్ళవాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. పల్పరు పాడైతే పక్క ఊరి మనిషిని తెచ్చుకుంటున్నారు. పదహారోది మా ఇల్లే గనక కృపావతి మాట్లాడుతోంది, అదీ అవసరం మేరకు. చైత్రంలో పండగ వచ్చింది. అలవాటు కొద్దీ అందరూ నూనె గిన్నెలు పట్టుకుని షెడ్డుకి వెళ్ళారు. అక్కడ సిమెంటు దిమ్మలోంచి నాలుగు బోల్టులు పైకి పొడుచుకుని ఉన్నాయి. ఒక్కొక్కళ్ళూ వంగి, ఆ నాలుగు బోల్టులకీ నూనె పోసి వెళ్ళిపోయారు. నేను గట్టు మీద నిలబడి చూశాను. నా గిన్నెలో నూనె నేను వెనక్కి తెచ్చేసుకున్నాను. పొయ్యడానికి నాకు మొహం చెల్లలేదు.

9. అనుకూలమైన ప్రదేశము.

ఇంజను బొర్రా వెళ్ళే రోడ్డు పక్కన కొత్త టూరిస్టు కాంప్లెక్సులో ఉందని తెలిసి చూడ్డానికి పోయాను. చక్రానికి వెండిరంగు వేశారు, సిలిండరుకి ఎరుపు. నూనె పొయ్యాల్సిన కప్పుల్లోకి కూడా రంగు కారిపోయింది. మా గవర్నరు గుళ్ళకి కూడా రంగే. నంబరు రంగు కిందకి పోయింది. ఆ నంబరు కోసమే గదండీ తమరు లేచి నిలబడింది. కొత్తగా పెళ్ళైన ఒక జంట చక్రం మధ్యలోంచి తలకాయలు బయటికి పెట్టి ఫోటో దిగుతున్నారు. వాళ్ళ తప్పు లేదు, అక్కడ బాణం గుర్తు వేసి ఉంది.

దాని ముందు బోర్డు. "అడవిలో నిరాదరణకు గురై తుప్పుపట్టి ఉండగా గుర్తించి రక్షించబడినది."

అయ్యా, ఇంజను పోవడం ఒక ఎత్తు. ఆ బోర్డు నాలుగు సార్లు చదివాను, ఎక్కడైనా ఇంకో ఇంజను గురించేమో అని. నిరాదరణ అంటే ఏమిటో తెలియనిది కాదు, మాకు గవర్నమెంటు ఆఫీసులతో బాగా పరిచయం. కానీ తుప్పు అన్నారు. పదిహేడు ఇళ్ళ ఆడవాళ్ళని, పోయినవాళ్ళనీ ఉన్నవాళ్ళనీ కలిపి, రోడ్డు పక్కన బోర్డు పెట్టి తిట్టారు. దాని కింద తమరి పేరు కూడా ఉంది.

10. ప్రారంభోత్సవము.

ఆ రోజు పొద్దున్న బాలాజీ గారు ఫోను చేశారు. "నతానియేల్ గారూ, కొంచెం అర్జెంటుగా రావాలండీ. జీపు పంపిస్తున్నాం." గారు మళ్ళీ వచ్చింది గనక ఏదో పాడైందని అర్థమైంది. వెళ్ళాను. కంప్రెసరుతో గాలి పెట్టి ఇంజను తిప్పాలని ఏర్పాటు. రిబ్బన్లు, కుర్చీలు, పెద్దమనుషులు. స్విచ్చి వేశారు. ఇంజను బుస్సుమంది. అంతే. గాలి వచ్చినట్టే వచ్చి, పోయినట్టే పోయింది. చక్రం మీద కట్టిన బంతిపూల దండ కూడా కదల్లేదు. తమరు నా వైపు చూశారు. పెట్టె మూత విప్పమన్నారు, విప్పాను. అందరం లోపలికి తొంగి చూశాం. నేను కూడా ఏమీ తెలియనట్టు "ఓహో" అన్నాను. అది తప్పే, ఒప్పుకుంటున్నాను. వెనక్కి జీపు పంపలేదు, బస్సులో వచ్చాను.

11. కావున మనవి ఏమనగా:

నా దగ్గర లేకపోతే వాల్వు ఎవరి దగ్గర ఉందో పేరు తెలుపమని నోటీసులో అడిగారు. పేరు చెప్పమంటే పదహారు పేర్లు ఇదివరకే చెప్పి ఉన్నాను, ఫలితం పైన ఎనిమిదో పేరాలో ఉంది. ఇక చెప్పను. వెళ్ళి ఆవిడని మళ్ళీ అడగను. అడిగినా ఇవ్వదు, ఇవ్వకపోవడమే మంచిదని నాకు ఇప్పుడు తెలిసింది. తమరి రిజిస్టరు ప్రకారం పదిహేడో ముక్క నా దగ్గర ఉంది. దానినే నిజం కింద ఉంచి, చర్య ఏదైనా నా మీదే తీసుకోవలెను.

అదే రిజిస్టరులో "యంత్రము ఉన్న స్థలము" అన్నచోట ఇప్పటికీ రేగపుట్టు అనే ఉంది. బాలాజీ గారి జిరాక్సులోనే చూశాను. మార్చలేదు. కాబట్టి తమరు తమ వరస నిజం చెయ్యండి, నేను నా వరస నిజం చేయిస్తాను. ఇంజను వచ్చి ఆ నాలుగు బోల్టుల మీద కూర్చున్న రోజున వాల్వు దానంతటదే కొండ దిగి వస్తుంది. రంగు మేమే గోకుకుంటాం. షెడ్డుకి రేకులు కూడా అడగం. ఆ బోర్డు మాత్రం ఇంజను కంటే ముందే తీసేయవలెను.

ఇంతకన్నా రాయడానికి నాకు భాష లేదు. ఈ అర్జీని చిత్తగించవలెను. చిత్తం కుదరకపోతే ఒక్కసారి మా ఊరు వచ్చి ఆ నాలుగు బోల్టులను చూసి పోవలెను. అంబలి ఉంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు (మూడో పేజీ చదవక ముందు వరకు),
వంతల నతానియేల్ అనువాడు.

తా.క. కవరు అంటించబోతూ మళ్ళీ విప్పాను. వాల్వు బాగుందా, పాడైందా అని బాలాజీ గారు ఫోనులో అడిగితే నేను చూడలేదన్నాను. అది అబద్ధం కాదు. లారీ వచ్చిపోయిన దగ్గర్నుంచీ పెద్దమ్మ దాన్ని నాకు చూపించలేదు, నాతో మాట్లాడనూ లేదు. నిన్న తమరి నోటీసు కాపీ పంచాయతీ బోర్డుకి అంటించారు. ముక్క నా దగ్గరే ఉందనీ చర్య నా మీదేననీ అందులో ఉంది. ఎవరో ఆవిడకి చదివి వినిపించినట్టున్నారు. ఇప్పుడు మా వాకిట్లో నిలబడి ఉంది, ఒక చేత్తో గుడ్డమూట, ఒక చేత్తో నూనె గిన్నె.

"ఒరే గుంటడా! కాయితంలో నీ పేరేసుకున్నావంట? ఏటి సేత్తన్నావు లోపల? దీని మూల మీద ఎర్రగా ఏదో అవుపడతంది, నాకా కళ్ళు ఆనవు. బేగి వొచ్చి సూడు!"

అయ్యా, అది తుప్పో చోళ్ళపొట్టో చూడాలి. మూడు నెలల తర్వాత మా ఊళ్ళో నన్ను ఒకళ్ళు పిలిచారు గనక మిగతా సంగతులు వెళ్ళొచ్చాక